వెలుతురు ఎవరి ముఖం మీద?



కొడకండ్ల పల్లెల్లో కబడ్డీ ఊపందుకునేది పొద్దుగూకే వేళకే. కూతకు పోయే పిల్లను గీత బయటి నుంచి తీయాలంటే ఏ లెన్స్ కొనాలని అడుగుతున్నరు.

70-300 చౌక. కానీ చాలావాటికి 300 దగ్గర అపర్చర్ ఎఫ్/5.6 దాటి తెరుచుకోదు. 70-200 ఎఫ్/2.8 దానికి నాలుగింతల వెలుతురు లోపలికి రానిస్తది. సెకనులో వెయ్యో వంతు షట్టర్‌కు ఆ వెలుతురే కావాలె. బరువుంటది, ధర ఒక్కరి జేబుకు అందదు. పదిమంది కలిసి సెకండ్ హ్యాండ్‌ది కొనండి.

దూరం కన్నా వెలుతురే ఎందుకు? కోడక్ కలర్ ప్రింట్లను ఏండ్ల తరబడి 'షెర్లీ కార్డు' మీది తెల్ల అమ్మాయి చర్మాన్ని చూసి సరిచేసిన్రు. నల్లని ముఖాలు చీకట్లో కలిసిపోయినయి. ఇప్పటికీ వెనక ఆకాశం తెల్లగుంటే మీటరు మన ముఖాన్నే ముంచుతది. అందుకే ముఖం చూసి ఎక్స్‌పోజర్ పెట్టండి.

కల్లెడ బిడ్డ జీవంజి దీప్తి ముఖాన్ని ఎగతాళి చేసినోళ్లున్నరు. 2024లో కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో ఉరికి టీ20 ప్రపంచ రికార్డు కొట్టింది. అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం. అదే ముఖానికి కెమెరాలు ఎగబడ్డయి.

ఆట అయినంక పోర్ట్రెయిట్‌కు 200 వెనక దాక్కోకండి. దూరం పెట్టడం ఊరికి అలవాటు, మనకొద్దు. దగ్గరికి పోయి పేరడగండి. ఒప్పుకుంటేనే వెనక్కి జరిగి 135 దగ్గర తీయండి.

జై భీమ్!