గోడ వంకరా? లెన్సు వంకరా?

‘మాయాబజార్’ (1957)లో మార్కస్ బార్ట్లే వెన్నెల చూసి కెమెరా పిచ్చి పట్టినవాళ్ళలో నేనొకణ్ణి. ఆ చిత్ర దర్శకులు కె.వి.రెడ్డిగారిది మా అనంతపురం జిల్లా తాడిపత్రే! మరి మా కుందుర్పి నుంచి ఒక కెమెరామన్ ఎందుకు రాకూడదు?

వాన మొహం చాటేసే ఊరు మాది. దక్కిన కాస్త శెనక్కాయలు అమ్మి నాయన నాకో పాత లెన్సు కొనిపెట్టాడు. నచ్చకుంటే రెండు రోజుల్లో వెనక్కివ్వాలి.

పరీక్ష మొదలెట్టాను. దినపత్రికను ముడతల్లేకుండా గోడకంటించి, ఎదురుగా స్టూలు మీద కెమెరా తిన్నగా పెట్టి, చెయ్యి తగలకుండా టైమరుతో ఫోటోలు. ఎపర్చర్ పూర్తిగా తెరిచి ఒకటి, 8లో ఒకటి. పెద్దవి చేసి చూస్తే గుండె గుభేలుమంది! నడుమ అక్షరాలు ముత్యాలు. ఎడమవైపు అలుక్కుపోయాయి. 8లో తేరుకున్నా అనుమానం పోలేదు. నాయన డబ్బు మట్టిపాలేనా?

నాయనొచ్చి గోడ తడిమాడు. “ఇది మీ జేజినాయన కట్టిన మట్టిగోడ. పొట్ట ముందరికొచ్చిండాది. గోడ వంకర పెట్టుకోని అద్దాన్నంటావేందిరా?”

నిజమే! ఎపర్చర్ తెరిచేకొద్దీ ఫోకస్ లోతు తగ్గుతుంది. దగ్గర్నుంచి తీస్తే అంగుళం ఉబ్బునైనా పట్టిచ్చేస్తుంది.

కాగితాన్ని ఇనప బీరువా తలుపుకి మార్చాను. నాలుగు మూలలా అక్షరాలు నిలిచాయి!

మీకూ ఒక చిట్కా. కెమెరాను తలకిందులుగా పెట్టి మళ్ళీ తీయండి. మసక కాగితంలో అదే చోట ఉంటే గోడ తప్పు, అవతలి వైపుకి దూకితే లెన్సు తప్పు.

ఆ లెన్సు ఇంకా నా దగ్గరే ఉంది. బొమ్మ మసకైతే ఈనాటికీ ముందు గోడే తడిమి చూస్తాను.