మాయింటి పద్మిని

పద్మిని యనగా మాయింటి యాడుపడుచు కాదు, కారు. బొంబాయి ప్రీమియరు ఆటోమొబైల్సువారు ఫియటు కారును మనదేశమున నిర్మించుచు, 1974లో దానికి రాజపుత్ర రాణి పద్మిని పేరు పెట్టిరి. మా మామగారు గుడివాడలో వైద్యము చేయుచుండగా 1984లో ఆ కారును కొనిరి. కాలువగట్లవెంబడి పల్లెలకు పోయి, రోగులను చూచి, అర్ధరాత్రమున నింటికి చేరుచుండెడివారు. ఆయన గతించి పదునొకండేండ్లైనది. మావారు మచిలీపట్టణములో ఉపాధ్యాయులు. కారు వైద్యునిది, జీతము బడిపంతులుది. ఈ రెంటికిని పొత్తు కుదుర్చుటలోనే మా సంసారము సాగుచున్నది.

యంత్రముల గొడవ మనకేల యని సోదరీమణులు నవ్వుదురేమో. కాని యీ యేడు వేసవిలో మాయింట రెండునెలలపాటు వేఱు మాట లేదు. కారునకు మొదటినుండి యున్న కార్బురేటరును ఉంచుకొనవలెనా, దానిని తీసివైచి ఈకాలపు ఫ్యూయెల్ ఇంజెక్షనును పెట్టించవలెనా యనునదే తగవు. అది వట్టి యినుపముక్కల తగవైనచో మేమీ కలము పట్టియుండము. అందులో మా యత్తగారి ప్రాణము, మా యమ్మాయి చదువు ముడిపడియున్నవి.

చైత్రమాసమున దివిసీమలో, అవనిగడ్డ దాపున నున్న మా యత్తగారి పుట్టినింట పెండ్లి జరిగినది. తిరుగుప్రయాణమున మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరస్వామిని దర్శించుకొంటిమి. కారు అరగంట యెండలో నిలిచియుండెను. బయలుదేరి చల్లపల్లి వైపు రెండు మూడు కిలోమీటరులు వచ్చునప్పటికి దగ్గినట్లు దగ్గి, ఆగిపోయెను. మిట్టమధ్యాహ్నము. ఒక్క చెట్టునీడ లేదు. మావారు బానెట్టు తెఱచుచు మూయుచు నుండిరి. డెబ్బదినాలుగేండ్ల మా యత్తగారికి మధుమేహము. గంటసేపు సహించి, "అమ్మాయీ, కన్నులు చీకట్లు క్రమ్ముచున్నవి" అని మా భుజముపైకి వ్రాలిరి. ఆ దారిని పోవు నాటో యబ్బాయి యొకడు పుణ్యము కట్టుకొని మమ్ము చల్లపల్లి వైద్యశాలకు చేర్చెను. సెలైను పెట్టిన పిదప ఆమె తేఱుకొనిరి. సాయంకాలము చల్లబడగనే కారు తనంతట తాను బుద్ధిగా కదలెను! ఆ కదలుట చూచి మాకు కోపమును వచ్చెను, ఏడ్పును వచ్చెను.

ఆ రాత్రియే హైదరాబాదునుండి మా మఱదిగారు ఫోనులో గట్టిగా చెప్పిరి. "అన్నయ్యా, తప్పంతయు కార్బురేటరుది. దానిని పీకివేయుడు. ఇంజెక్షను సామగ్రి తెప్పించెదను." సామగ్రి వెల, కూలి, దానితోపాటు మార్చవలసిన తీగెలు, డైనమో అన్నియు లెక్కించి చూడగా మావారి జీతము రెండునెలలది చాలదు. వచ్చుయేడు అమ్మాయి యింటరు చదువునకై మేము కూడబెట్టిన సొమ్ము తప్ప మాకు వేఱు దారి లేదు. మావారికి డబ్బు బాధ యొకటి, తండ్రిగారి చేతివస్తువు మార్చుట యను బాధ యొకటి. ఆయన ఔననలేక కాదనలేక మూడుదినములు మౌనము వహించిరి.

రెండింటి మర్మ మేమియో తెలిసికొనక సొమ్ము చేయి దాటనీయరాదని మేము పట్టుపట్టితిమి. తెలిసికొన్నంతవఱకు ఇక్కడ చెప్పుదుము.

పెట్రోలు మండవలెనన్న గాలితో కలియవలెను. తూకమున పెట్రోలు ఒకపాలైనచో గాలి పదునాలుగుపాళ్లకు మించి కావలయును. కార్బురేటరు ఈ పాలును కలుపు పాత్ర. ఇంజను పీల్చుకొను గాలి యొక యిఱుకైన కంఠముగుండ పోవునప్పుడు వేగము హెచ్చి ఒత్తిడి తగ్గును. అప్పుడు ప్రక్కనున్న చిన్నగిన్నెలోని పెట్రోలు సన్నని యిత్తడిరంధ్రమునుండి పైకి లాగబడి తుంపరయై గాలిలో కలియును. ఆ రంధ్రమును జెట్టు అందురు. గిన్నె నిండగనే పెట్రోలు రాక నాపుటకు మన మేడమీది నీళ్లతొట్టిలో నుండు తేలుడు బంతివంటి దొకటి యుండును. విద్యుత్తుతో దానికి పనిలేదు.

ఇంజెక్షను తీరు వేఱు. అందు విద్యుత్తు పంపు పెట్రోలును పాతపద్ధతికి పదింతల యొత్తిడితో తోయును. సన్నని ముక్కుగల నాజిలు క్షణమునకు పలుమారులు తెఱచుకొని మూసికొనుచు చిమ్మును. ఎంత చిమ్మవలెనో ఒక చిన్న కంప్యూటరు నిర్ణయించును. పొగగొట్టములో నొక సెన్సారు పొగయందు మిగిలిన ప్రాణవాయువును పసికట్టి, పాలు తప్పినచో దానికి తెలుపును. పులుసు రుచి చూచి ఉప్పు సరిచేయు వంటకత్తె ఇంజెక్షను. కొలతగరిటెతో నెప్పటియుప్పు నప్పుడు వేసి, పులుసు మాఱినను తాను మాఱని వంటకత్తె కార్బురేటరు.

ఈ రెండవ పద్ధతి క్రొత్తదేమియు కాదు. మన మధ్యతరగతి యిండ్లకు కారు నలవాటు చేసిన మారుతి ఎనిమిదివందలకే 2000 ప్రాంతమున ఇంజెక్షను వచ్చినది. 2020 ఏప్రిలులో భారత్ స్టేజి ఆఱవ నియమములు అమలునకు వచ్చినప్పటినుండి మన వాకిళ్లలో నిలుచు క్రొత్త స్కూటరులకును అదియే. ప్రొద్దుట మీట నొక్కగనే స్కూటరు కదలుట చూచినవారికి మా మఱదిగారి మాట తప్పనిపించదు.

తప్పనిపించకపోవుటకు మఱియొక కారణము కలదు. మనము కొను పెట్రోలు మామగారి నాటి పెట్రోలు కాదు. చెఱకునుండి, మొక్కజొన్నలనుండి, నూకలనుండి తీసిన ఇథనాలు అందు కలియుచున్నది. 2025 నాటికి అది నూటికి ఇరువదిపాళ్లైనది. ఇథనాలు మండుటకు తక్కువ గాలి చాలును. పెట్రోలునకు పదునాలుగుపాళ్లకు మించి కావలసినచోట దానికి తొమ్మిది చాలును. కనుక పాత జెట్టుతో నడచు ఇంజనునకు ఆహారము కొఱవడి యది వేడెక్కును. ఇంతేగాక ఇథనాలు పాతకాలపు రబ్బరుగొట్టములను నానబెట్టి పెళుసు చేయును. గాలిలోని తేమను పీల్చుకొనును. బందరు సముద్రపుగాలిలో తేమకు కొదువ యేమి? ఇంజెక్షను పాలు తప్పిన సంగతి తానే యెఱిగి తానే సరిదిద్దుకొనును. ఇది దాని గొప్ప గుణము, కాదనరాదు.

ఒకనాటి రాత్రి భోజనములవేళ మావారు, "నాన్నగారి కారు మార్చుట అమ్మకు కష్టముగా నుండునేమో" అనిరి. మా యత్తగారు కంచములోనుండి తలయెత్తి, "నాయనా, కారు మీ నాన్నగారిది. ప్రాణము నాది. ఆయన జ్ఞాపకము నాకు కార్బురేటరులో లేదు. మార్చెదవో మానెదవో, మధ్యదారిలో నాపకుండ నన్ను తీసికొనిపొమ్ము. పసిదాని చదువుసొమ్ము మాత్రము తీయవలదు" అనిరి. తగవు అక్కడితో నెమ్మదించినది. మేము కార్బురేటరు, ఇంజెక్షను అని రెండు పేరులు పట్టుకొని కొట్లాడుచుంటిమే కాని, నాడు కారేల ఆగినదో యెవ్వరమును అడుగలేదని అప్పుడు తోచినది.

మఱునాడే గుడివాడలో మామగారి కాలమునుండి ఈ కారును చూచుచున్న మేస్త్రివద్దకు పోతిమి. అరువదియేండ్లు దాటినవాడు. బానెట్టు తెఱవకమునుపే మావంక తిరిగి, "అమ్మగారూ, మాస్టారు నడుపుదురు, వినరు. ఆగుటకు ముందు కొన్నాళ్లనుండి చప్పుడెట్లున్నదో మీరు చెప్పుడు" అని యడిగెను.

చిన్ననాట మా తండ్రిగారు నన్నయభట్టారకుని నలోపాఖ్యానము చెప్పుచుండగా, బాహుకుని వేషమున వచ్చుచున్న నలుని దమయంతి రథపుమ్రోతనుబట్టియే పోల్చుకొన్న ఘట్టము వచ్చినప్పుడు మేము నమ్మలేదు. కాపురమునకు వచ్చినపిదప నమ్మితిమి. సందు మొగలోనికి మాకారు తిరుగగనే వంటయింటిలోనే మాకు తెలియును. ఆ చప్పుడు సంక్రాంతినుండియు మాఱినది. వంతెనమిట్ట యెక్కునప్పుడు నిండుగా మ్రోగవలసినది, ఉబ్బసమువారు ఆయాసపడినట్లు బోలుగా మ్రోగుచుండెను. ఒకటి రెండుమారులు మావారితో చెప్పితిమి. పరీక్షలు కానిమ్మనిరి. మేమును ఊరకుంటిమి. కనుక నాటి యెండలో అత్తగారిని పడవేసినది కారు కాదు, మా యుపేక్ష. ఈ మాట వ్రాయుటకు సిగ్గగుచున్నను వ్రాయకున్న నీ వ్యాసమునకు ప్రయోజనము లేదు.

మేస్త్రి గొట్టమును విప్పి రెండువ్రేళ్లనడుమ వంచగా అది ఎండిన చింతబెరడువలె పగిలినది. దానిలోపలి నల్లని పొరలు ఊడి గిన్నెలో చేరి, జెట్టులో సగము మూసికొనియున్నవి. పెట్రోలుతొట్టి యడుగున త్రుప్పు. ఇంజనునకు ఆనుకొనియున్న పాతపంపు వెనుకనున్న తొట్టినుండి పెట్రోలును పీల్చుకొనును. యెండలో నిలిపినప్పుడు ఆ పంపులోను గొట్టములోను పెట్రోలు వేడెక్కి ఆవిరియగును. పంపు ద్రవమును తోడగలదు గాని ఆవిరిని తోడలేదు. చల్లబడినపిదప ఆవిరి మరల పెట్రోలై కారు కదలును. మోపిదేవిదారిలో జరిగినది ఇదియే.

"ఇంజెక్షను పెట్టించెదమా?" అని మావారడిగిరి. అతడు దానిని నిందింపలేదు. "మంచిదే మాస్టారూ. కాని యీ తొట్టితో, ఈ గొట్టములతో పెట్టించరాదు. పదింతల యొత్తిడికి పాతగొట్టము పగిలినచో పెట్రోలు వేడియింజనుమీద చిమ్మును. ఏది పెట్టించినను ముందు తొట్టి, గొట్టములు మార్చవలసినదే" అనెను.

రెండుదారులకును మొదటి క్రోసు ఒకటే యైనప్పుడు, ఆ క్రోసు నడచి చూచి పిదప దారి యేఱుకొనవచ్చునుగదా! అట్లే నిశ్చయించితిమి. తొట్టి దించి కడిగించితిమి. గొట్టములన్నియు ఇథనాలునకు ఓర్చునవి వేయించి, పొగగొట్టపు వేడికి దూరముగా మరలించితిమి. వెనుక తొట్టిదగ్గఱనే తక్కువ యొత్తిడిగల చిన్న విద్యుత్తుపంపు పెట్టించితిమి. అది పీల్చుటకు మాఱుగా తోయును గనుక ఆవిరిబాధ తగ్గును. జెట్టు మాత్రము పెద్దది కావలసివచ్చెను. జెట్టుపై చెక్కిన అంకె రంధ్రపు వెడల్పును మిల్లీమీటరులో నూఱవపాళ్లుగా తెలుపును. మేస్త్రి ఐదంకెలు పెద్దదానిని వేసెను, అనగా నిజముగనే వెండ్రుకవాసి! పాత జెట్టును తీగెతో పొడిచి పెద్దది చేయరాదా యని మేమడుగగా, "చిలకలపూడి నగలపనివారికి తీగె కమ్మచ్చు గుల్లయైన నేమగునో మీకు తెలియదా యమ్మగారూ?" అని నవ్వెను. ఊరిపనిని యెఱిగినవారికి అంతకన్న వివరింపనక్కఱలేదు.

మొత్తము వ్యయము ఇంజెక్షను వెలలో నాఱవవంతు. అమ్మాయిసొమ్ము కదల్చలేదు.

ఇక పరీక్ష. "ఆగినచోట ఆగదని చూచినపిదపనే నేనెక్కుదును" అని అత్తగారు పంతము పట్టిరి. రోహిణికార్తెలో నొకనాడు మేమిద్దఱమే కూజాతో నీరు పెట్టుకొని, అదేవేళకు మోపిదేవి చేరితిమి. కారును కావలెననియే అరగంట యెండలో నిలిపితిమి. బయలుదేరి, పూర్వమాగినచోటికి వచ్చునప్పటికి మా చేతులు చల్లబడినవి. చెవులు రిక్కించి వింటిమి. చప్పుడు నిండుగా నుండెను. చల్లపల్లి చేరినపిదపగాని మావారు మాటలాడలేదు. మఱు వారము అత్తగారు తెల్లవాఱుజామున ఎక్కి పుట్టినిల్లు చూచివచ్చిరి.

సుఖమంతయు చెప్పి కష్టము దాచరాదు. లీటరునకు వచ్చుదూరము కొంచెము తగ్గినది. చలిప్రొద్దులలో చోకు లాగి రెండు నిమిషములు వేచియుండవలెను. ఇథనాలు తేమ త్రాగకుండ వారమునకొకమారైన కారును త్రిప్పవలెను. ఇంజెక్షనునకు ఈ చాకిరి యుండదు. దినదినము పట్నములో తిరుగువారు, సెన్సారులను చూడగల పనివారు చేరువనున్నవారు దానినే యేఱుకొందురుగాక. అట్టివారు ముందుగా రవాణాకార్యాలయమున వ్రాతమూలకముగా అడిగి తెలిసికొనుట మేలు. వాహనమును రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నముగా మార్చుటకు చట్టము ఒప్పుకొనదు. పదునైదేండ్లు దాటిన కార్లకు ఐదేండ్లకొకమారు పత్రము పొడిగించుకొనవలెనుగదా. ఇక మాకు కారు నెలకు రెండు మూడుమారులు దివిసీమకు, గుడివాడకు పోవుటకే. ఉప్పుగాలికి తీగెల కొనలు చిలుమెక్కు నీ సీమలో కంప్యూటరు అలిగినచో నాగాయలంకదారిలో దానిని బుజ్జగించువారెవ్వరు? కార్బురేటరు అలిగినచో స్క్రూడ్రైవరు పట్టగల యే మేస్త్రియైనను చాలును.

ఈ తీర్పునకు ఒక యేడు గడువు పెట్టుకొంటిమి. మరల దారిలో నాగినచో మఱదిగారి మాటయే చెల్లును. ఆయన నవ్వి యొప్పుకొనిరి.

సోదరీమణులారా! కారు గాని, కుట్టుయంత్రము గాని, వడ్లు దంచు మర గాని, పాతది మొరాయించినప్పుడు దానిని మార్చుమని చెప్పువారు పలువురుందురు. ఉంచుమనువారును ఉందురు. ఆ రెండు మాటలను విననిండు. కాని ముందు దాని చప్పుడు మీకు తెలియును, చెప్పుడు. చెప్పి యూరకుండక, వినువఱకు చెప్పుడు. మేమూరకుండుటచేత మా యత్తగారు గంటసేపు ఆ యెండలో పడిన బాధ మఱియెవ్వరికిని రాకుండుగాక.