గుంపులోనే ఉన్నాడనుకున్నాను



ఈ వ్యాసం రాసే ముందు మా అబ్బాయి అనుమతి అడిగాను. రాశాక మొదట వాడికే ఇచ్చాను. రెండు వాక్యాలు కొట్టేశాడు. అవి పోగా మిగిలింది మీరు చదువుతున్నారు. ఎందుకిలా చేశానో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

దసరా సెలవుల్లో ఒక రోజు మా నలుగురం కటికి జలపాతానికి వెళ్ళాం. వాడిది పదో తరగతి. ఈ ఏడాది దాటితే ఇంటర్, హాస్టలు. "వాడు ఇంట్లో ఉండగానే ఒక్కసారి ఎక్కడికైనా తీసుకెళ్ళండి. సంఘం పని ఎప్పుడూ ఉండేదే" అని నా భార్య చాలా రోజులుగా అంటూనే ఉంది. పులిహోర, ఉడకబెట్టిన గుడ్లు కట్టుకుని శృంగవరపుకోటలో కిరండూల్ పాసింజరు ఎక్కాం.

బొడ్డవర దాటాక రైలు కొండ ఎక్కుతుంది. ఒక సొరంగం వెనక ఇంకో సొరంగం. చీకటి పడగానే పెట్టెలో పిల్లలందరూ కేకలు. మా చిన్నది గొంతు పోయేలా అరిచింది. వీడు మాత్రం చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కిటికీకి తల ఆనించి కూర్చున్నాడు. మూడేళ్ళ క్రితం ఇదే రైల్లో అందరికంటే పెద్ద కేక వీడిదే. పెద్దవాడవుతున్నాడులే అనుకుని ఊరుకున్నాను.

బొర్రా గుహలు స్టేషన్‌లో దిగి జీపు మాట్లాడుకున్నాం. ఆ దారిలో ఒళ్ళు హూనమైంది. జీపు ఆగిన చోటి నుంచి నడక. రాళ్ళు, తడిసిన చెట్ల వేర్లు, మధ్యమధ్య బురద. దారి పక్కన బొంగులో చికెన్ కాలుస్తున్న వాసన. నా మోకాళ్ళ సంగతి మీకు తెలుసు, ప్రార్థనలో మోకరించి లేచేటప్పుడు మీరే చెయ్యి అందిస్తుంటారు. వీడు ముందు నడుస్తున్నాడు. "జాగ్రత్తరా" అని నేను అరిచినప్పుడల్లా వెనక్కి చూడకుండా ఒక చెయ్యి మాత్రం పైకెత్తేవాడు.

జలపాతం ముందుగా చెవికి అందింది, తర్వాత కంటికి. నల్లటి బండ మీంచి తెల్లగా దూకుతోంది. తల్లీ కూతుళ్ళు లోతు లేని చోట నీళ్ళలోకి దిగారు. నేను, వాడు కాస్త కిందికి వచ్చి ఒక బండ మీద కూర్చున్నాం. అక్కడైతే మాట వినబడుతుంది.

చాలాసేపటికి నేనే మాట కలిపాను. "ఈ నీళ్ళు ఎక్కడికి వెళ్తాయో తెలుసా? ఇది గోస్తనీ నది. కిందికి దిగి మన తాటిపూడి జలాశయంలో చేరుతుంది. మన జిల్లా పొలాలకి వెళ్ళేవీ ఈ నీళ్ళే, విశాఖపట్నం వాళ్ళు తాగేవీ ఈ నీళ్ళే. చివరికి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది."

వాడు నా ముఖంలోకి చూశాడు. "ఆదివారానికి పాయింటు దొరికిందా నాన్నా?"

నేను నవ్వాను. వాడు నవ్వలేదు.

నిజం చెప్పాలంటే దొరికింది. ఒకటి కాదు, మూడు. నీరు పైనుంచి వస్తుంది, తగ్గి కిందికి దిగుతుంది, దిగిన చోట పంట పండిస్తుంది. నా కొడుకు పక్కన కూర్చుని నేను ప్రసంగం రాసుకుంటున్నాను. వాడు కనిపెట్టేశాడు.

"దీంట్లో నన్ను కూడా పెడతావా?" అన్నాడు.

అప్పుడు బయటికొచ్చింది. పోయిన ఏడాది ఒక ఆదివారం వాడి సంగతి ఒకటి ప్రసంగంలో ఉదాహరణగా చెప్పాను. ఏ సంగతో ఇక్కడ మళ్ళీ చెప్పను, విన్నవాళ్ళు దయచేసి మర్చిపోండి. ఆ రోజు మీలో కొందరు నవ్వారు. మీ తప్పు కాదు, నవ్వించింది నేను.

"నా క్లాసువాళ్ళు నలుగురు మన సంఘంలో ఉన్నారు నాన్నా. సోమవారం నేను బడికెళ్ళేసరికి అందరికీ తెలిసిపోయింది." కాసేపు ఆగి అన్నాడు. "ఆ రాత్రి నేను మా నాన్నకి చెప్పుకున్నాను. పాస్టరుగారికి కాదు."

నా దగ్గర జవాబు లేకపోలేదు. ఆ ప్రసంగం విని ఇద్దరు తండ్రులు నా దగ్గరికొచ్చి కన్నీళ్ళు పెట్టుకున్నారు. అది చెబుదామని నోరు తెరిచాను. కానీ వాళ్ళ కన్నీళ్ళకి వీడెందుకు ఖరీదు కట్టాలి? నోరు మూసుకున్నాను. ఇరవై ఏళ్ళుగా మాట్లాడడమే పనిగా ఉన్నవాడికి అది ఎంత కష్టమో దేవునికి తెలుసు.

"తప్పు చేశాన్రా. నిన్ను అడగకుండా చెప్పాను. క్షమించు" అన్నాను.

వాడు చిన్న రాళ్ళు ఏరి ఒక్కొక్కటే నీళ్ళలోకి విసిరాడు. నాలుగైదు విసిరాక "సరే" అన్నాడు. అంతే. సినిమాల్లోలా కౌగిలించుకోవడాలు ఏమీ జరగలేదు. తిరిగి వచ్చేటప్పుడు పాచి పట్టిన బండ దగ్గర నేను తడబడితే, ఆగి వెనక్కి తిరిగి చెయ్యి చాచాడు. పట్టుకున్నాను. దాని మీద ప్రసంగం చెయ్యను.

ఆ రాత్రి నిద్ర పట్టక లూకా సువార్త రెండో అధ్యాయం తీశాను. పన్నెండేళ్ళ యేసును పస్కా పండుగకి యెరూషలేము తీసుకెళ్ళిన తల్లిదండ్రుల సంగతి మీకు తెలిసిందే. తిరుగు ప్రయాణంలో పిల్లవాడు తమ ఊరివాళ్ళ గుంపులో ఉన్నాడనుకుని ఒక రోజంతా నడిచారు. బంధువుల్లో వెతికినా కనబడలేదు. వెనక్కి వెళ్ళి మూడు రోజుల తర్వాత దేవాలయంలో చూశారు.

యోసేపు, మరియ నిర్లక్ష్యంగా ఉన్నవాళ్ళు కాదు. గుంపులో ఉన్నాడనుకున్నారు, అంతే. నేనూ అదే అనుకున్నాను. ఆరాధనకి వస్తున్నాడు, మైకు సర్దుతున్నాడు, తబలా వాయిస్తున్నాడు, ఇంకేం కావాలి? ముందు చాప మీద కూర్చునేవాడు ఏడాదిగా గుమ్మం దగ్గర కూర్చుంటున్నాడని నేను గమనించలేదు. వాళ్ళు ఒక్క రోజు ప్రయాణంలో తెలుసుకున్నది నాకు తెలియడానికి ఏడాది పట్టింది.

ఆ కథలో ఇన్నేళ్ళూ నేను దాటేసిన మాట ఒకటుంది. కొడుకు చెప్పిన జవాబు ఆ తల్లికి అర్థం కాలేదు. అర్థం కాకపోయినా నలుగురిలో పెట్టలేదు, తన గుండెలోనే దాచుకుందని లూకా రాశాడు. మన పిల్లలు చెప్పే మాటలకి అలాంటి చోటు మన ఇళ్ళలో ఉందా?

ఇది పాస్టరు ఇంటి సమస్య మాత్రమే కాదు ప్రియులారా. ఉపవాస ప్రార్థనలో మనం మనవులు చెబుతాం. "మావాడికి లెక్కల్లో మార్కులు రాలేదు, ప్రార్థించండి." "మా అమ్మాయి ఫోన్ వదలడం లేదు, ప్రార్థించండి." ఉద్దేశం మంచిదే. కానీ ఆ బిడ్డ రెండు వరసల వెనక తల దించుకుని కూర్చుని ఉంటుంది. ప్రార్థన మనవి పేరుతో మనం బిడ్డ పరువు వీధిలో పెడుతున్నామేమో. "నా బిడ్డ కోసం ప్రార్థించండి" అంటే చాలు. సంగతేమిటో దేవునికి ముందే తెలుసు.

ఇకనుంచి మా పిల్లల సంగతులు వాళ్ళని అడగకుండా ప్రసంగంలో చెప్పను. మీ పిల్లల సంగతులు కూడా అంతే. నేను మర్చిపోతే మీలో ఎవరైనా లేచి ఆపండి, నొచ్చుకోను.

వాడు ఇంకా గుమ్మం దగ్గరే కూర్చుంటున్నాడు. ముందుకి రమ్మని నేను పిలవడం లేదు. మొన్న రాత్రి మాత్రం పుస్తకాలు పట్టుకుని నా మంచం దగ్గరికొచ్చి ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో మీకు చెప్పను.

ప్రార్థన: తండ్రీ, మా పిల్లలు నీవు మాకు అప్పగించినవారు. వారి మాటలు వినే చెవిని, విన్నది దాచుకునే మనసును మాకు దయచెయ్యి. పక్కనే ఉన్నారనుకుని మేము దాటి వచ్చేసిన పిల్లల దగ్గరికి వెనక్కి వెళ్ళే తగ్గింపును ఇయ్యి. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.

మీ కాపరి