యాడీ అన్న మాట

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి బోరేలు దించుతున్న వేళ బయలుదేరాం. నాతో ఉన్నావిడ పిల్లల రక్షణ పనిలో ఉంది. సొంతూరు ఎమ్మిగనూరు, నేత కుటుంబం. సుగాలి తండా కనిపించగానే ఆటో ఆపించింది.

"ఇక్కడి నుంచి నడుద్దాం సార్. బండి వాకిట్లోకి పోతే పిల్లోళ్లు ఇళ్లలో దూరతారు."

ఆమె ఆ రోజు కేసు పని మీద రాలేదు, తల్లులతో మాట్లాడదామని వచ్చింది. అయినా అరుగు మీది అవ్వ అడిగిన మొదటి మాట "పోలీసోల్లా?" అని. ఎన్నో సంచార జాతులకు పుట్టుకతోనే నేరస్తులన్న ముద్ర వేసింది 1871లో మొదలైన చట్టం. అది 1952లో రద్దయింది. ఖాకీ అంటే బెదురు మాత్రం ఇళ్లల్లో మిగిలిపోయింది.

ఎనిమిదేళ్ల పిల్ల అవ్వ చీర కుచ్చెళ్లు పట్టుకుని నిలబడింది. "అన్నం తిన్నావా?" అంటే పలకలేదు. ఈవిడ పెన్ను సంచిలో పెట్టేసి, నేల మీద చతికిలబడి, "యాడీ?" అంది. సుగాలీల భాషలో యాడీ అంటే అమ్మ. పిల్ల చేలవైపు వేలు చూపించి నవ్వింది.

"బడిలో తెలుగు బాగానే చదువుతాది సార్. ఒంటికి జరిగింది చెప్పాలంటే మాత్రం ఇంటి మాటే రావాల."

పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ఈ సంగతి గుర్తించింది. వాంగ్మూలం పిల్ల ఇంట్లోనో, పిల్ల కోరిన చోటో తీసుకోవాలి. వీలైనంత వరకు ఎస్‌ఐ స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా రావాలి. నమ్మకమున్న మనిషి పక్కన ఉండాలి, అవసరమైతే దుబాసీ సాయం తీసుకోవచ్చు.

చిక్కంతా ఆ దుబాసీతోనే. తండాలో అందరూ ఒకరికొకరు చుట్టాలే. నిందపడినవాడికి మేనమామ వరసయ్యేవాడు మాట మారిస్తే, పిల్ల ఒకటి చెబితే కాగితం మీద మరొకటి పడుతుంది. అందుకే భాష తెలిసి, ఆ తండాకు బయటి మనిషి కావాలంటుంది ఈవిడ.

తండా నాయక్ మంచం వాల్చి మర్యాద చేశాడు. "మా తగువు మేమే తెంపుకుంటామమ్మా."

"పొలం గట్టు తగువైతే తెంపండి పెద్దాయనా. పిల్ల ఒంటి మీద చెయ్యి పడిందని తెలిసీ చెప్పకపోతే మీకూ ఆరు నెలల దాకా జైలు పడొచ్చు." గొంతు పెంచకుండానే అంది. ఆచారాన్ని గౌరవించడమంటే పిల్లను రాజీకి అప్పగించడం కాదని నాకు అక్కడే తెలిసింది.

లేవబోతుంటే అవ్వ ఆపింది. "మిరప కోతలకు గుంటూరు దిక్కు పోతాం. ఆడ ఎవురికి చెప్పుకోవాల?"

ఈవిడ బొగ్గు ముక్క తీసుకుని గోడ మీద 1098 అని రాసింది. పిల్లల సాయానికున్న ఆ నంబరు ఎక్కడి నుంచి ఫోన్ చేసినా పలుకుతుందని, డబ్బులు పడవని చెప్పింది. పిల్ల దగ్గరకొచ్చి ఒక్కో అంకె మీద వేలు పెట్టి చదివింది, తన భాషలో.