ప్రోబ్ ఎక్కడ నిలబడింది?

డిసెంబర్ 4

రాత్రంతా వ్యాక్యూమ్‌లో ఉంచిన ఫ్లాస్కు తీశాను. డీపీపీసీ లిపిడ్ అడుగున పల్చటి పొరలా అంటుకుని ఉంది. 50 డిగ్రీల బఫర్ పోసి వోర్టెక్స్ మీద పెడితే పాలలా అయింది. ఈ లిపిడ్ 41 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అంతకన్నా చల్లగా ఉంటే ఫిల్టర్‌లోంచి తోయడం మన వల్ల కాదు. ఎక్స్‌ట్రూడర్‌ని వేడి బ్లాకు మీద ఉంచి, 100 నానోమీటర్ల రంధ్రాల గుండా ఈ సిరంజి నుంచి ఆ సిరంజికి 21 సార్లు తోశాను. బొటనవేళ్లు మండిపోయాయి. పాలు పలచబడుతూ వచ్చి, చివరికి బియ్యం రెండోసారి కడిగిన నీళ్లలా, కాస్త నీలి జాడతో తేలాయి. ఎంత అందంగా ఉన్నాయో!

డిసెంబర్ 5

పొద్దున అమ్మ ఫోన్ చేసింది. కొబ్బరినూనె గడ్డకట్టిందట, సీసా ఎండలో పెట్టిందట. నేను ఇక్కడ రోజంతా చేసేదీ అదే కదా అనిపించింది.

500 లిపిడ్ అణువులకు ఒక్క లార్డాన్ డై అణువు కలిపాను. సగం ఐసులో, సగం 50 డిగ్రీల నీళ్లలో పెట్టి, లైట్లు ఆర్పి యూవీ టార్చి వేశాను. ఐసులోది నీలం. వేడిది ఆకుపచ్చ కలిసిన నీలం.

ప్రోడాన్ అనే డైని గ్రెగోరియో వెబర్ 1979లో ప్రకటించారు. దాని చిన్న తోక స్థానంలో పొడవాటి కొవ్వుతోక తగిలిస్తే లార్డాన్. వెలుగు తాకగానే ఈ అణువులో ఛార్జి ఒక కొస నుంచి రెండో కొసకు జరుగుతుంది. పక్కనున్న నీటి అణువులు దానికి తగ్గట్టు తిరిగి సర్దుకుంటాయి. ఆ సర్దుబాటుకు కొంత శక్తి పోతుంది కనుక కరిగిన పొరలో వెలుగు 490 నానోమీటర్ల వైపు జారుతుంది. గడ్డకట్టిన పొరలో నీళ్లు తక్కువ, కదలికా తక్కువ. అవి సర్దుకునేలోపే వెలుగు 440 దగ్గర బయటపడుతుంది. అంటే లార్డాన్ కొవ్వు గట్టిదనాన్ని నేరుగా చెప్పడం లేదు. తన పక్కనున్న నీళ్ల సంగతి చెబుతోంది.

డిసెంబర్ 9

ఇవాళ పని తలకిందులైంది. గది వేడికే కరిగి ఉండే పీఓపీసీ లిపిడ్ వెసికిల్స్‌లో (పొర చుట్టుకున్న బుడగల్లో), తోకకు ఎన్‌బీడీ అనే డై తగిలించిన లిపిడ్ కలిపాను. తోకలు పొర నడుమ ఉంటాయి కాబట్టి ఎన్‌బీడీ కూడా అక్కడే దాగి ఉంటుందని వారం కిందట ఈ నోట్‌బుక్‌లోనే బొమ్మ గీసుకున్నాను. ఎన్‌బీడీని తాకితే దాని వెలుగును ఆర్పేసే డైథయొనైట్ పొర దాటి లోపలికి పోదు. కనుక వెలుగు తగ్గదనుకున్నాను.

అప్పుడే కలిపిన డైథయొనైట్ వేయగానే గీత జారింది. కొన్ని నిమిషాల్లో సగానికి దగ్గరగా పడి నిలిచిపోయింది. వెసికిల్స్ ముందే చితికాయేమో చూద్దామని, పొరను కరిగించే ట్రైటాన్ వేశాను. మిగిలిన వెలుగు అప్పుడు గానీ పోలేదు. అంటే వెసికిల్స్ భద్రంగానే ఉన్నాయి. తప్పు నా బొమ్మలోనే ఉంది.

డిసెంబర్ 10

సార్‌కి గ్రాఫు చూపించాను. "అది ఎక్కడ నిలబడి చెబుతోందో ముందు తెలుసుకోమ్మా" అని 1987 నాటి పేపరు చేతికిచ్చారు. అమితాభ చటోపాధ్యాయ్, ఎర్విన్ లండన్ రాసినది. వెలుగును ఆర్పే లేబుళ్లను పొరలో వేర్వేరు లోతుల్లో ఉంచి, ఏది ఎంత ఆర్పిందో పోల్చి, డై లోతు లెక్కగట్టారు. తోక చివర కట్టిన ఎన్‌బీడీ పొర నడుమ కాదు, ఉపరితలానికి దగ్గరగా దొరికింది. నీళ్లంటే దానికి ఇష్టం, తోకను వంచుకుని పైకి వచ్చేస్తుంది. చటోపాధ్యాయ్ ఆ తర్వాత ఏళ్ల తరబడి పనిచేసింది మన హైదరాబాద్ సీసీఎంబీలోనే.

బొమ్మ మళ్లీ గీశాను, తోక వంచి. ప్రోబ్, అంటే పొరలో పెట్టిన డై, చెప్పే మాట అబద్ధం కాదు. అది తాను నిలబడ్డ చోటి మాట. ఆ చోటేదో తేల్చుకోకుండా పొర మొత్తానికీ అన్వయించింది నేను.

మరి మొదట చేసిన డీపీపీసీ పొర, లార్డాన్ చేరాక మునుపటి పొరేనా? రేపు లార్డాన్ ఉన్నదీ లేనిదీ రెండు డీపీపీసీ నమూనాలనూ క్యాలరీమీటర్‌లో పెట్టి, కరిగే వేడి 41 డిగ్రీల నుంచి కదిలిందో లేదో చూడాలి.