గేటు దాటిన కారు

నాన్న 2008లో కొన్న ఆల్టో అది. ఏపీ 05 నంబరు. 2021లో ఆయన పోయాక పెరట్లో రేకుల షెడ్డులోనే ఉండిపోయింది. నేను కువైట్‌లో, అమ్మ ఒక్కతే అల్లవరంలో. అమ్మకి నడపడం రాదు, అమ్మేద్దామంటే ఒప్పుకోదు. ఇన్సూరెన్సు అయిపోయిందని మెసేజ్ వస్తే, తిరగని కారుకి అదెందుకులే అని ఊరుకున్నాను. 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ గడువు 2023లో తీరింది. అదీ పట్టించుకోలేదు.

నేను సెలవు మీద వచ్చిన నెలలోనే మొంథా తుపాను. 2025 అక్టోబరు 28. తీరం దాటింది నరసాపురం వైపే అయినా మా తోట అల్లాడిపోయింది. షెడ్డు మీదికి వాలిన రెండు కొబ్బరిచెట్లు ఊగుతుంటే అమ్మ నిలవలేకపోయింది. "మీ నాన్న కారురా" అంది. నలుగురం కలిసి గాలిలేని టైర్లతోనే తోసి, గేటు దాటించి, పంచాయతీ రోడ్డు వారన పెట్టాం. ఆ రాత్రి ఒక చెట్టు షెడ్డు మీద పడనే పడింది. ఎంత మంచి పని చేశాం అనుకున్నాం.

మర్నాడంతా పడిన చెట్టుతోనే సరిపోయింది. కారు రోడ్డు మీదే ఉండిపోయింది. రాత్రి కరెంటు లేదు. తొమ్మిదింటికి దభీమని చప్పుడు. సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే ఒక చెప్పు కారు కింద ఉంది. రెండోది కాలికే ఉంది, ఆ కాలే మోకాలి కింద పక్కకి తిరిగిపోయి ఉంది. పడి ఉన్న మట్టల్ని తప్పించబోయి కుర్రాడు బండితో సహా వెనక నుంచి గుద్దుకున్నాడు. మొహం మీదికి లైటు తిప్పాను. మా తోటలో కొబ్బరి దింపు తీసే మనిషి కొడుకు.

అమలాపురంలో ఆసుపత్రిలో కాలికి రాడ్డు వేశారు. నన్ను స్టేషన్‌కి పిలిచారు.

"కారెవరిది?"

"మా నాన్నగారిదండి."

"ఆయన్ని రమ్మనండి."

"పోయారండి."

రాస్తున్నాయన పెన్ను ఆపాడు. ఇన్సూరెన్సు లేదన్నాను. రిజిస్ట్రేషన్ అయిపోయిందన్నాను. పెరట్లోనే ఉండేదండి, అసలు తిరగదండి అన్నాను. "మరి రోడ్డు మీదేం చేస్తోంది?" అన్నాడు.

ప్లీడరు గారు ఆ మాటే విడమరిచి చెప్పారు. చట్టానికి కావలసింది బండి తిరుగుతోందా లేదా అన్నది కాదు, బహిరంగ స్థలంలో ఉందా లేదా అన్నది. మొన్న ఆగస్టు 29నే సుప్రీంకోర్టు విశాఖ ఉక్కు కర్మాగారం ప్రహరీ లోపలే తిరిగిన 36 బండ్లకి పన్ను పడదని తీర్పిచ్చిందిట. "మీ గేటు లోపల ఉన్నంతసేపూ మీరూ అంతేనండి. బయట పెట్టారు, అక్కడే వచ్చింది" అన్నారు. నిలిపి ఉంచినా అది వాడకం కిందే లెక్కట. మహారాష్ట్రలో రోడ్డు పక్కన బోల్తాపడి కొన్ని గంటల తర్వాత పేలిన పెట్రోలు ట్యాంకరు కేసులో 1991లోనే ఆ సంగతి తేల్చేశారుట. ఇన్సూరెన్సు లేనందుకు మొదటిసారైతే జరిమానా 2,000. దాన్ని ఎవరు లెక్కచేస్తారు? కుర్రాడి కాలి సంగతే అసలుది. నష్టపరిహారం కంపెనీ ఇచ్చే ప్రశ్నే లేదు, నాన్న ఆస్తి తిన్న వారసులమే ఇచ్చుకోవాలి.

లండన్‌లో ఉన్న మా బావకి ఫోన్ చేస్తే, అక్కడ కారు వాడకపోతే సోర్న్ అని ముందే రాసివ్వాలిట. ఇక్కడ లారీలవాళ్లకి పన్ను ఆపుకోవడానికి స్టాపేజీ కాగితం ఉంది. జీవితపన్ను ఒకేసారి కట్టేసిన సొంత కారుకి అలాంటి కాగితమేదీ లేదు.

కుర్రాడి తండ్రి కేసు పెట్టనన్నాడు. "మీ మీద కేసేంటి బాబూ" అన్నాడు. ఆ మాటకి ఊపిరి తీసుకున్నాను, ఆ ఊపిరికే సిగ్గేసింది. కేసు పెట్టకపోవడం వాడి మంచితనమా, మళ్లీ మా చెట్లే ఎక్కాలన్న భయమా? ఆ చిన్న కారుకి థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 2,094 రూపాయలు, పైన పన్ను. అది కట్టి ఉంటే వాడు నా మొహం చూడక్కర్లేకుండా, హక్కుగా డబ్బు తీసుకునేవాడు. పెద్దల మధ్య లక్షా 60 వేలు ఇస్తానని ఒప్పుకున్నాను. లక్ష ఇచ్చాను.

ఇక కారు. రెన్యువల్‌కి 5,000, ఆలస్యానికి నెలకి 500 అంటే కారు ఖరీదుకి దగ్గరగా వచ్చేట్టుంది. రద్దు చేయించేద్దామన్నా ముందు నాన్నకి వారసుణ్ణని చూపించాలి. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అభ్యంతరం లేదని చెల్లి సంతకం. బండి పనికిరాకుండా పోతే 14 రోజుల్లో చెప్పాలని చట్టంలో ఉందిట. మాది ఏ రోజున పనికిరాకుండా పోయిందో మాకే తెలీదు.

షాసీ నంబరు ప్రింటు కావాలన్నారు. బానెట్ ఎత్తితే లోపల ఎలకలు పెట్టిన కొబ్బరిపీచు గూడు. ఉప్పుగాలికి పెచ్చులూడిన తుప్పుని గరుకు కాగితంతో రుద్ది, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, తెల్లకాగితం పెట్టి పెన్సిల్ అడ్డంగా రాశాను. నాలుగు అంకెలు వచ్చాయి, మిగతావి నల్లటి మరక. అమ్మ కుర్చీ వేసుకుని చూస్తూ కూచుంది. మూడోసారికి వచ్చింది.

పడిన చెట్టు ముక్కలు కొట్టడానికి కుర్రాడి తండ్రే వచ్చాడు. కూలి ఎంతివ్వమంటావని అడిగాను. గొడ్డలి భుజానికి ఎత్తుకుని, "ఇవ్వాల్సినదాంట్లో కలిపి ఇవ్వండి బాబూ" అన్నాడు.