గోడ కట్టుటకు తోడైన చేతులు



ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనములో ఇల్లు కట్టుకొనే వారికి దేవుడు ఒక చిన్న ఆజ్ఞ ఇచ్చాడు. క్రొత్త ఇల్లు కట్టించేవాడు పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టించాలి. ఎవరైనా పైనుండి పడి ప్రాణము పోగొట్టుకొంటే ఆ దోషము ఆ ఇంటిమీదికి వస్తుంది. పది ఆజ్ఞలిచ్చిన దేవుడే పిట్టగోడ సంగతి కూడా మరచిపోలేదు. మన ఇంటిలో ఎవరి కాలు తడబడుతుందో ముందుగా ఆలోచించి కట్టడము కూడా భక్తిలో భాగమేనని ఈ వచనము మాకు నేర్పింది.

మా ఇంటిలో కాలు తడబడేది అమ్మకు. 2022లో బావి గట్టు దగ్గర జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషను అయ్యాక వాకరు పట్టుకొని నాలుగడుగులు వేయగలదు. అంతకు మించితే చక్రాల కుర్చీయే. మాది పాత పెంకుటిల్లు. ప్రతి గదికీ జానెడెత్తు గడప, మరుగుదొడ్డి పెరట్లో. రాత్రివేళ మమ్మల్ని లేపడానికి మొహమాటపడి అమ్మ సాయంకాలము నుండి మంచినీళ్ళు తాగడము మానేసింది. ఈ సంగతి మాకు చాలా రోజులకు గాని తెలియలేదు. తెలిసిన రోజున మేమిద్దరము మోకరించి ప్రార్థన చేసి, ఉన్న స్థలములో చిన్నదైనా సరే అమ్మకు వీలుగా ఉండే ఇల్లు కట్టాలని నిశ్చయించుకొన్నాము.

స్థలము తూర్పు ముఖము. వెడల్పు 27 అడుగులు, లోతు 40 అడుగులు, అంటే 120 గజాలు. మేస్త్రీ కేలండరు కాగితము వెనుక పెన్సిలుతో ప్లాను గీసి ఇచ్చాడు. ముందు మూడు మెట్లు, వసారా, హాలు, రెండు గదులు, నాలుగడుగుల బాత్రూము, దానికి రెండున్నర అడుగుల తలుపు. మా ఊరిలో అందరి ఇళ్ళూ అలాగే ఉన్నాయి.

"మేస్త్రీ గారూ, ఇందులో అమ్మ కుర్చీ తిరుగుతుందా?" అని అడిగాము.

"తిరుగుద్ది లెండి అయ్యగారూ. తిరక్కపోతే కట్టాక చూసుకుందాం" అన్నాడు.

కట్టాక పడగొట్టి చూసుకోవడానికి మా దగ్గర సొమ్ము లేదు. గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు లూకా సువార్త 14వ అధ్యాయములో చెప్పిన మాట జ్ఞాపకము వచ్చింది. ఖర్చు లెక్క సరే, కుర్చీ లెక్క ఎలా చూడాలి?

మా సంఘ యౌవనస్థులలో ఒకరు తన పాత లాప్‌టాప్‌లో స్వీట్ హోమ్ త్రీడీ అనే ప్రోగ్రాము వేసి ఇచ్చాడు. ఇళ్ళ ప్లానులు గీసుకోవడానికి ఫ్రాన్స్ దేశస్థుడైన ఎమ్మానుయేల్ ప్యుబరే దీనిని తయారుచేసి లోకమంతటికీ ఉచితముగా ఇచ్చాడు. ఎమ్మానుయేలు అనే పేరు చదవగానే మా మనస్సుకు ధైర్యము కలిగింది. దేవుడు మనకు తోడు అని గదా దాని అర్థము!

తెర నాలుగు భాగాలుగా కనబడుతుంది. ఎడమ వైపు పైన తలుపులు, కిటికీలు, మంచాలు, బల్లలు వరుసగా ఉంటాయి. క్రింద మనము ఇంటిలో పెట్టిన సామానుల జాబితా. కుడి వైపు పైన ప్లాను, క్రింద అదే ఇల్లు నిజమైన ఇల్లులాగా కనబడుతుంది. పైన గోడ గీస్తే క్రింద గోడ లేస్తుంది. తలుపు తెచ్చి గోడమీద పెడితే అక్కడ గుమ్మము దానంతట అదే తెరుచుకొంటుంది. కాని మెనూలన్నీ ఇంగ్లీషు. కొలతలు సెంటీమీటర్లు. మాకు తెలిసినవి అడుగులు, అంగుళాలు, తొమ్మిదంగుళాల గోడ, నాలుగున్నర అంగుళాల గోడ. రెండు రాత్రులు కూర్చున్నా పని ముందుకు సాగలేదు.

అప్పుడు అదే ప్రోగ్రామును వాడుకొంటున్న ఇతరులను అడగడము మొదలుపెట్టాము. వారిలో ఎవరినీ మేము ముఖాముఖిగా చూడలేదు. గల్ఫులో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసే ఒక తెలుగు సోదరుడు మొదట జవాబిచ్చాడు. కొలతలను అడుగులు అంగుళాలలోకి మార్చుకొనే చోటు చూపించాడు. మేస్త్రీ గీసిన కాగితాన్ని ఫొటో తీసి ప్లాను అడుగున పరచుకోవచ్చు అన్నాడు. పరచిన తరువాత, కొలత తెలిసిన ఒక గోడ మీద గీత లాగి ఇది 20 అడుగులు అని చెబితే మిగిలిన బొమ్మ అంతా ఆ లెక్కకు సరిపోతుంది. ఆ రాత్రే మా ఇల్లు తెరమీద లేచి నిలబడింది. అమ్మను మంచము మీదనుండి లేపి కూర్చోబెట్టి చూపించాము.

"ఇంతకీ నా గది ఏదిరా?" అన్నది.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి మరొక సహోదరి సహాయము కావలసి వచ్చింది. ఆమె బెంగళూరులో ఉంటుంది. ఆమె తండ్రిగారు పక్షవాతముతో చక్రాల కుర్చీలో ఉండగా ఇదే ప్రోగ్రాముతో తమ ఇంటిని సరిచేసుకొన్నారు. ప్రోగ్రాము ఇంటినంతటినీ ఒకే ఫైలుగా దాస్తుంది. ఆ ఫైలు పంపితే ఆమె తన కంప్యూటరులో తెరిచి చూసి, మూడు మాటలు రాసింది.

మొదటిది తలుపు. రెండున్నర అడుగులంటే 30 అంగుళాలు. ద్వారబంధము చెక్క రెండు ప్రక్కలా కలిపి 5 అంగుళాలు పోతే మిగిలేది 25. మేము టేపు పెట్టి కొలిస్తే అమ్మ కుర్చీ వెడల్పు సరిగ్గా 25 అంగుళాలు! చేతివేళ్ళు నలగకుండా ఆ గుమ్మము దాటడము అసాధ్యము. మూడడుగుల ద్వారబంధము, తలుపు రెక్క బయటికి తెరుచుకోవాలి, గడప ఉండకూడదు అని ఆమె చెప్పింది. రెక్క లోపలికి తెరుచుకొంటే, లోపల మనిషి పడిపోయినప్పుడు తలుపు తోయడానికి వీలుపడదు అన్నది. ఆ మాట అనుభవము మీద చెప్పినదని మాకు అర్థమైంది.

రెండవది కుర్చీ తిరిగే చోటు. చక్రాల కుర్చీ పూర్తిగా తిరగడానికి సుమారు 5 అడుగుల గుండ్రని ఖాళీ కావాలి. దీనిని చూడటానికి ఆమె చెప్పిన ఉపాయము చాలా తేలిక. సామానులలోనుండి ఒక గుండ్రని బల్ల తీసుకొని, దానిని 5 అడుగులకు పెద్దది చేసి, ప్రతి గదిలో పెట్టి చూడటమే. గోడకూ మంచానికీ తగలకుండా బల్ల పట్టితే కుర్చీ తిరుగుతుంది. మేస్త్రీ గీసిన బాత్రూములో ఆ బల్ల గోడలోకి దూసుకొనిపోయింది. హాలులో కొంత తగ్గించి బాత్రూమును 6 అడుగులు, 8 అడుగులు చేసాము.

మూడవది మెట్లు. పునాది నేలకు 2 అడుగుల ఎత్తు. ఒక అడుగు ఎక్కడానికి 12 అడుగుల పొడవు వాలు కావాలన్నది లెక్క. అంటే మాకు 24 అడుగులు. ముందు వదిలిన స్థలము 6 అడుగులే. ఇక్కడ మళ్ళీ గల్ఫు సోదరుడు ఆదుకొన్నాడు. ఇల్లును ఉత్తరానికి జరిపి, దక్షిణము ప్రక్కన 5 అడుగుల సందు వదిలి, ఇంటి గోడ వెంబడి వాలు తీసుకొనిపోయి, వెనుక అమ్మ గదికే తలుపు పెట్టమన్నాడు. వాలు తెరమీద ఎలా గీయాలో మాకు తెలియదు. ఈ ప్రోగ్రాములో గోడకు రెండు కొనలలో వేరు వేరు ఎత్తులు ఇవ్వవచ్చు. నాలుగడుగుల మందము గల గోడ ఒకటి గీసి, ఒక కొన నేలకు ఆనించి మరొక కొన 2 అడుగులకు లేపితే అదే వాలు అవుతుందని చెప్పాడు. గోడను దారిగా మార్చిన ఆ ఉపాయము చూసి మేము దేవునికి స్తోత్రము చేసాము.

మా పెదనాన్నగారి కుమారుడు మాత్రము, "దక్షిణము వైపు ద్వారము పెడతారా? ఇంటికి అరిష్టము" అని అభ్యంతరము చెప్పాడు. ప్రేమకొద్దీ అన్న మాటే. మేము వాదించక, 127వ కీర్తన మొదటి వచనము కలిసి చదువుకొన్నాము. అమ్మ ఒకటే అన్నది: "నన్ను ఎవరూ ఎత్తుకోకుండా బయటికి పోయే దారి అది. ఏ దిక్కైతే ఏమిరా అబ్బాయీ?" అన్నయ్య తరువాత మాట్లాడలేదు. ఆ వాలు పోసిన రోజున తానే వచ్చి నీళ్ళు చల్లాడు.

ఇంకొక సంగతి. ఈ ప్రోగ్రాములో ఇంటిలో నడిచే మనిషి బొమ్మ ఒకటి ఉంటుంది. ఆ మనిషి కళ్ళతో మనము ఇల్లంతా తిరిగి చూడవచ్చు. కళ్ళ ఎత్తును మూడడుగులకు దించి అమ్మ మంచము దగ్గర పెట్టి చూడమని బెంగళూరు సహోదరి రాసింది. దిండ్లకు ఆనుకొని పడుకొన్న మనిషి చూపు ఆ ఎత్తులోనే ఉంటుంది. చూస్తే పడమటి కిటికీలోనుండి ఆకాశము తప్ప ఏమీ కనబడలేదు. కిటికీ అంచు మూడడుగులుంది మరి. దానిని రెండడుగులకు దించాము. అప్పుడు వెనుక ప్రహరీ మీదుగా మందిరము కప్పు, గంట కట్టిన స్తంభము ఉండే వైపు తెరిపి అయింది. ఆదివారము గంట వినడమే గాని చూడలేకపోతున్న అమ్మకు అది చిన్న సంగతి కాదు. పడమటి ఎండ వాలుగా వస్తుంది గనుక సన్‌షేడు ఒక్కటే ఆపలేదు. ప్లానులో ఉత్తర దిక్కును సరిచేసి, మే నెల సాయంకాలము గంట పెట్టి చూస్తే ఎండ మంచము కాళ్ళ దాకా వచ్చింది. మంచమును మూరెడు లోపలికి జరిపి, వేసవిలో వట్టివేళ్ళ తడిక కట్టాలని నిర్ణయించుకొన్నాము.

మేస్త్రీకి తెరమీద అంతా చూపిస్తే, "అమ్మగారు తిరిగే ఇల్లు ముందే చూపించేశారండీ" అని నవ్వాడు. 2024లో సంఘ పెద్దల ప్రార్థనతో గృహప్రవేశము జరిగింది. ఇప్పుడు అమ్మ ప్రతి రాత్రి మంచము ప్రక్కన చెంబునిండా నీళ్ళు పెట్టుకొంటుంది.

గల్ఫు సోదరునికి కొంత సొమ్ము పంపబోతే ఒప్పుకోలేదు. "నాకూ ఎవరో ఇలాగే నేర్పారండి. మీరు ఇంకొకరికి నేర్పండి, చాలు" అన్నాడు. ఆ మాట ప్రకారము ప్రక్క ఊరి పాస్టరుగారి ఇంటి ప్లాను గీయడములో మేము కూర్చున్నాము. వారి తండ్రిగారికి చూపు లేదు. మేము నేర్చుకొన్నదానితో పాటు ఆ ఇంటి అవసరము మరికొంత మాకు నేర్పింది.

ప్రియ పాఠకులారా, మీలో ఎవరైనా ఇలా ఇల్లు గీసుకోదలిస్తే కొన్ని మాటలు మనవి చేస్తున్నాము. ముందు టేపుతో కొలవండి: స్థలము, మంచము, బీరువా, కుర్చీ. సహాయము అడిగేటప్పుడు ఒకసారికి ఒక్క ప్రశ్న, ఇంటిలో ఎవరికి ఏ ఇబ్బంది ఉందో వివరముగా చెప్పి అడగండి. ఫైలు పంపండి గాని బ్యాంకు వివరాలు, ఓటీపీ ఎవరికీ ఇవ్వకండి. చెప్పిన సలహా ఫలించిందో లేదో తిరిగి తెలియజేయండి, అది కృతజ్ఞత. ఈ ప్రోగ్రాము గది చూపిస్తుంది గాని గోడ బలము చెప్పదు. స్తంభాలు, ఇనుము, శ్లాబు విషయము ఇంజనీరునే అడగాలి. పంచాయతీ అనుమతి తప్పనిసరి.

నెహెమ్యా గ్రంథము 3వ అధ్యాయము పేర్ల పట్టికలాగా ఉంటుందని మనము దాటవేస్తాము. యెరూషలేము గోడ కట్టినవారిలో కంసాలులున్నారు, పరిమళ ద్రవ్యములు చేసేవారున్నారు, షల్లూము తన కుమార్తెలతో కలిసి వచ్చాడు. గోడ కట్టడము వారి వృత్తి కాదు. తమకు చేతనైనంత కట్టి, ప్రక్కవాని పని తన పనికి ఆనుకొనేటట్లు చేసారు. ఈనాడు కూడా దేవుడు అట్టివారిని లేపుతున్నాడు. ఒకరు దేశము వెలుపల ఉండవచ్చు, ఒకరు మనకు తెలియని ఇంటిలో రోగి ప్రక్కన కూర్చొని ఉండవచ్చు. మీకు తెలిసిన ఒక చిన్న పని ఎవరి ఇంటికి గుమ్మమవుతుందో మీకు తెలియదు. అడిగినవారికి విసుగుకొనక చెప్పండి. మీ ఇంటిలో బలహీనులెవరో వారి కొలతతో మీ ఇల్లు కట్టుకోండి. అట్టి ఇళ్ళను ప్రభువు తన సమాధానముతో నింపును గాక. ఆమేన్.